నిలువెత్తు సుశీల్ కుమార్ గారు

మా సుశీల్ కుమార్ గారికి సమాజం మీద ప్రేమ ఏటా ఫిబ్రవరిలో పుడుతుంది. మా కాంట్రాక్టు కొనసాగించాలా వద్దా అని డబ్లిన్ కంపెనీ వాళ్లు మార్చిలో ఆలోచిస్తారు కాబట్టి, కాస్త ముందుగా పుట్టడమే ఆ ప్రేమకు ఆరోగ్యం. ఏప్రిల్ ఎండలకు అది దానంతట అదే ఇంకిపోతుంది.

మా కంపెనీ పేరు నెల్‌వేవ్ ఇన్ఫో సొల్యూషన్స్. నెల్లూరులో ఒక మిఠాయి కొట్టు పైన ఉంటుంది. ఐర్లాండులో ఎవరికైనా పన్ను నొప్పి చేస్తే, వాళ్లు డాక్టరు దగ్గర టైం తీసుకునే సాఫ్ట్‌వేరు ఆగిపోకుండా చూడటం మా పని. కింద మైసూరుపాకు, పైన పళ్ల డాక్టర్లు. యజమాని సుశీల్ కుమార్ గారు. నేను మెర్లిన్, కార్డు మీద హెచ్.ఆర్. మేనేజరును. కార్డు మీద పట్టని ఉద్యోగాలు ఇంకా ఉన్నాయి: పుట్టినరోజు కేకులు, ఏసీ మెకానిక్కు, సమాజ సేవ.

కిందటేడు మైపాడు పక్కన ఒక జాలర్ల పాళెంలోని బడికి పాత కంప్యూటర్లు ఇచ్చాం. వాటిలో ఒకటి వెలిగింది కూడా. వాటితోపాటు సార్ ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టి వచ్చాం. తప్పంతా అక్కడే జరిగింది. సముద్రం పక్క ఊళ్లలో ఫ్లెక్సీని ఎవరూ చదవరు, వాడుకుంటారు. ఎన్నికలు అయిపోగానే నాయకులంతా వలల మీదికీ మేకల పాకల మీదికీ ఎక్కుతారు, ఎక్కువగా తలకిందులుగా. అలాంటి చోట మా సార్ మాత్రం ఎందుకు ఊరికే వేలాడాలి? డిసెంబరులో ఆయన కుటుంబంతో బీచికి వెళ్లి, ఒక పడవ ఇంజను మీద కప్పి ఉన్న తనను తానే చూసుకున్నారు. చెంప మీద ఆయిలు, నుదుటి మీద కాకి.

"నా ముఖం మెర్లిన్! ఇంజనుకు కప్పినారు!" అని సోమవారం పొద్దున్నే వాపోయారు. నేను బాధ నటించాను. జీతంలో అదీ ఒక భాగమే.

ఈ ఏడు ఫిబ్రవరి రాగానే, బడికి ఏం కావాలో కనుక్కు రమ్మని నన్ను పంపారు. హెడ్‌మిస్ట్రెస్ కరుణాకుమారి గారు నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టకుండా నేరుగా బడి వెనక్కి తీసుకెళ్లారు. అక్కడ ఆడపిల్లల మరుగుదొడ్డి ఉంది. గోడలున్నాయి, పైకప్పుంది, సిమెంటు గుమ్మం ఉంది. తలుపు లేదు.

"ఉప్పుగాలికి బందులు తుప్పు పట్టినాయమ్మా. మొన్న తుఫానుకు తలుపు ఎగిరి యాడ పడిందో కూడా తెలీదు. పైకి రాసినాము. మా సంఘంలో ప్రార్థన అంశాల్లో కూడా పెట్టించినాను. పాస్టరు గారు స్తోత్రం చెప్పి, మరుగుదొడ్డి అనకుండా 'బడి అవసరత' అని చదివినారు. దేవుడికైనా అర్థమైందో లేదో."

తలుపు లేకపోతే ఆడపిల్లలు ఏం చేస్తారో నాకు ఆమె చెప్పనక్కర్లేదు, నేనూ ఆడపిల్లనే. అయినా చెప్పారు. పొద్దున ఇంట్లో నీళ్లు తాగడం మానేస్తారు. మరీ తప్పకపోతే ఇద్దరు చున్నీ అడ్డం పట్టుకుంటారు, మన సముద్రపు గాలిలో చున్నీ ఎంతసేపు అడ్డం నిలుస్తుందో అంతసేపే. అనూష అని ఏడో తరగతి పిల్ల ఉంది, లెక్కల్లో అందరికన్నా ముందు. మధ్యాహ్నం ఇంటికి పోతే మళ్లీ రాదు. వాళ్ల నాన్న వేసవి సెలవుల తర్వాత ఇక బడికి పంపనంటున్నాడు.

ఆ నాన్న పేరు పెంచలకృష్ణ. బీచిలో పడవ పక్కన వల బాగుచేసుకుంటూ కనిపించాడు. ఇంజను మీద మా సార్ ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"మీ సారు గట్టోడు అక్కా, ఎన్ని వానలొచ్చినా నిలిచినాడు," అని మెచ్చుకున్నాడు. కూతురి సంగతి ఎత్తగానే ముఖం మారిపోయింది. "సదువు మీద నాకేం కోపం లేదు. పిల్ల పెద్దదవతా ఉండాది. తలుపు లేని చోటికి ఎట్లా పంపేది? మీరైతే పంపతారా?"

తలుపు పెట్టిస్తే పంపుతావా అని అడిగాను. "పెడితే ఎందుకు పంపను?" అన్నాడు. అంటే ఆ పిల్ల చదువంతా ఒక తలుపు దగ్గర ఆగి ఉంది.

ఆఫీసుకొచ్చి సార్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని దీర్ఘంగా ఆలోచించారు.

"తలుపంటే ఫోటో ఎట్లా వస్తది మెర్లిన్? డబ్లిన్ వాళ్లకు ఏమని చూపించేది? ఇదిగో మేడం, మా దొడ్డి తలుపు అనా?"

"అవసరం అదే సార్."

"అవసరం వేరు, ఇంపాక్ట్ వేరు. నీకు హెచ్.ఆర్. తెలుసు, విజన్ తెలీదు."

విజన్ ఏమిటంటే: బడి గోడకు నీలం రంగు వేసి, దానిమీద కంప్యూటరు లోంచి కెరటం ఎగసిపడుతున్నట్టు బొమ్మ. పిల్లలందరికీ కంపెనీ పేరున్న నీళ్ల సీసాలు. ఇక అన్నిటికన్నా ముఖ్యం, గేటు పక్కన ఒక బోర్డు. ఈసారి ఫ్లెక్సీ కాదు. ఎవడూ చుట్టచుట్టి ఇంజనుకు కప్పలేని బోర్డు. ఇనుప ఫ్రేము, దళసరి రేకు, దానిమీద చేతులు జోడించిన సుశీల్ కుమార్ గారు.

"ముఖం ఒక్కటే వద్దు. నిలువెత్తు వెయ్యి. మనిషంత ఉండాల," అన్నారు.

నాకు తిక్క ఎక్కువని మా అమ్మ అంటుంది. నిజమే. కానీ ఆ క్షణాన నాకు తిక్క రాలేదు, ప్రశాంతత వచ్చింది. మనిషంత ఇనుప ఫ్రేము. దళసరి రేకు. బయటికి వచ్చి కరుణాకుమారి గారికి ఫోన్ చేశాను. "మేడం, ఆ గుమ్మం కొలత తీసి పంపిస్తారా?"

వెల్డింగ్ షాపులో ఆ కొలతకే బోర్డు చేయించాను. పక్కన తుప్పు పట్టని స్టీలు బందులు పెట్టించాను. వెనకవైపు ఒక గడియ కూడా. బిల్లు చూసి సార్ కనుబొమ్మలు ఎత్తారు.

"బోర్డుకు గడియ ఎందుకు?"

"సముద్రపు గాలి సార్. పట్టు ఉండాలి."

"శభాష్. డీటెయిలింగ్ అంటే ఇదీ," అన్నారు. ఆ పొగడ్తకు నేను ఏమాత్రం సిగ్గుపడలేదు.

ఆదివారం అయితే మాలో సగం మంది చర్చికి పోతామని కార్యక్రమం శనివారం పెట్టారు. అందరం ఒకే రంగు టీషర్టుల్లో దిగాం. మా కుర్రాళ్లు గోడకు వేసిన రంగు కన్నా తీసుకున్న సెల్ఫీలు ఎక్కువ. గోడ ఉప్పుకు పెచ్చులూడుతోందనీ, గీకకుండా రంగేస్తే నిలవదనీ కరుణాకుమారి గారు ఒకసారి అన్నారు. ఫోటో తీసేదాకా నిలిస్తే చాలని ఎవరో అంటే అందరూ నవ్వారు. అతను జోకు వెయ్యలేదు.

తర్వాత సార్ నీళ్ల సీసాలు పంచి, నీళ్ల గొప్పదనం గురించి ఉపన్యాసం ఇచ్చారు. "నీళ్లు బాగా తాగాల! ముఖ్యంగా ఆడపిల్లలు! డీహైడ్రేషన్ వస్తే చదువు ఎక్కదు!" మగపిల్లలు గటగటా తాగేసి ఖాళీ సీసాలతో కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఆడపిల్లలు నిండు సీసాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కతె కూడా మూత తీయలేదు.

పూలగుత్తి ఇవ్వడానికి అనూషను ముందుకు పిలిచారు. పొద్దుటి నుంచి ఎండలో నిలబెట్టిన పిల్ల. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. సార్ సీసా మూత తీసి ఆమె చేతిలో పెట్టి, కెమెరా వైపు తిరిగారు. "తాగమ్మా, తాగు." పిల్ల టీచరు వైపు చూసింది. పెదాలు తడుపుకుని, నోరు తుడుచుకుని, సీసా దించేసింది. ఫోటో చక్కగా వచ్చింది.

నాకు వచ్చిన కోపానికి ఆ నీలం డబ్బా ఎత్తి ఆయన నెత్తిన కుమ్మరించాలనిపించింది. ఉద్యోగం పోతుందని ఆగాను. పళ్లు కొరుక్కుంటూ ఆగాను.

బోర్డును మా కుర్రాళ్లిద్దరు చెరోవైపు పట్టుకుంటే దాని పక్కన సార్ నిలబడ్డారు. ఇద్దరు సుశీల్ కుమార్లూ చేతులు జోడించారు. "బిగించే పని నువ్వు చూసుకో మెర్లిన్," అని చెప్పి అందర్నీ తీసుకుని చేపల పులుసు తినడానికి వెళ్లిపోయారు. నేను చూసుకున్నాను. పెంచలకృష్ణ, నేను, కరుణాకుమారి గారు కలిసి సాయంత్రంలోగా బిగించేశాం. పెంచలకృష్ణ తలుపును లాగి చూశాడు, తోసి చూశాడు, లోపలికెళ్లి గడియ వేసుకుని చూశాడు. బయటికొచ్చి నవ్వాడు.

"చెప్పినాను కదక్కా, మీ సారు గట్టోడని."

కథ ఇంతటితో అయిపోతే బాగుండేది. కానీ మా ఫోటోలు చూసి డబ్లిన్ కంపెనీ మేడం మురిసిపోయి, చెన్నై పనిమీద వస్తున్నాను, ఆ బడిని కళ్లారా చూస్తానని కబురు పెట్టింది. సార్ స్వయంగా కారు తీసుకుని చెన్నై వెళ్లారు, నన్ను వెంటబెట్టుకుని. తిరుగు ప్రయాణంలో మన ప్రాంతపు ఆతిథ్యం చూపించాలని గూడూరు దగ్గర ఒక బోండాం, వెంకటాచలం టోల్‌గేటు దగ్గర ఒక బోండాం, ఊళ్లోకి వచ్చాక ఇంకొకటి ఆవిడ చేతిలో పెట్టారు. వద్దంటే నొచ్చుకుంటారేమోనని ఆవిడ అన్నీ తాగింది.

బడి దగ్గర కారు దిగగానే సార్ గుండె జారింది. గోడ మీద కెరటం ఆనవాలు లేదు, నీలం పెచ్చులు కింద రాలి ఉన్నాయి. గేటు పక్కన బోర్డు లేదు. కరుణాకుమారి గారు మేడంను తరగతులు చూపించడానికి తీసుకెళ్లారు. సార్ నా చెయ్యి పట్టుకున్నంత పని చేశారు.

"బోర్డు యాడ?"

"ఉంది సార్. వాడుకలో ఉంది."

వెనక్కి తీసుకెళ్లి చూపించాను. నిలువెత్తు సుశీల్ కుమార్ గారు మరుగుదొడ్డి గుమ్మంలో చేతులు జోడించి అందరినీ ఆహ్వానిస్తున్నారు. అసలు సుశీల్ కుమార్ గారి ముఖం మొదట తెల్లబడి, తర్వాత ఎర్రబడింది.

"పీకించు. ఇప్పుడే. ఆమె చూడకముందే పీకించు. రేపటి నుంచి నువ్వు ఆఫీసుకు రావొద్దు."

ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. అయినా తలుపు పోతే ఆ పిల్ల బడి పోతుంది. "నేను పీకించను సార్," అన్నాను. ఆయన తనే ఆ తలుపు అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. గడియ కదల్లేదు.

"ఎవురూ?" లోపలి నుంచి పిల్ల గొంతు కయ్యిమంది. "లోపల ఉండాను! కనపడలేదా?"

సార్ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తన ఫోటో ముందు తనే తప్పు చేసినవాడిలా నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే, మూడు బోండాల ఫలితంగా, మేడం గబగబా అటే వస్తోంది. వెనక కరుణాకుమారి గారు. బడిలో ఉన్నది అదొక్కటే మరి. అనూష గడియ తీసుకుని బయటికి వచ్చింది. మేడం లోపలికి వెళ్లింది. గడియ పడింది. మేమంతా సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాం. సార్ నుదుటి మీది చెమట మాత్రం నేను చూశాను.

మేడం బయటికొచ్చి తలుపు మీది మనిషినీ, బయట నిలబడ్డ మనిషినీ మార్చి మార్చి చూసింది. తర్వాత గట్టిగా నవ్వింది. ఎన్నో దేశాల్లో తమకు పనిచేసే కంపెనీల సేవలు చూశానంది. అన్నిచోట్లా బోర్డులే చూపించారట. ఒక బోర్డు పనికి రావడం ఇదే మొదటిసారి చూశానంది. "ఈ ఆలోచన ఎవరిది?"

"నాదే," అన్నారు సుశీల్ కుమార్ గారు. రెప్ప కూడా వెయ్యలేదు. "మనిషంత ఉండాలని నేనే పట్టుబట్టినాను. కావాలంటే మెర్లిన్‌ను అడగండి."

అందరూ నావైపు చూశారు. అంతకన్నా పెద్ద నిజం ఆయన జీవితంలో ఎప్పుడూ చెప్పి ఉండరు. ఇక ఆ తలుపును ఎవరూ పీకలేరు, ఆయన కూడా. "అవును మేడం," అన్నాను, "సారే పట్టుబట్టారు." రేపు ఆఫీసుకు రావాలో వద్దో ఆయన మళ్లీ చెప్పలేదు, నేను అడగలేదు.

తలుపు ముందు గ్రూప్ ఫోటో అన్నారు. సార్ తన పక్కన తను నిలబడి, చేతులు జోడించి, అనూషను పిలిచారు. "రామ్మా, తొందరగా రా!"

అనూష కుళాయి దగ్గర మా కంపెనీ సీసా నింపుకుంటోంది. "ఉండండి సార్," అంది వెనక్కి తిరక్కుండానే, "నీళ్లు తాగొస్తా."

సీసా పైకెత్తి తాగడం మొదలుపెట్టింది. సార్, డబ్లిన్ మేడం, నేను, అందరం నవ్వు ముఖాలతో అలాగే నిలబడి ఉన్నాం. నాకైతే కళ్లు చెమర్చాయి, ఫోటోలో అది ఎండ అనుకుంటారు. పిల్ల తొందరపడలేదు. సీసా ఖాళీ అయ్యేదాకా తాగింది.