ఎడమ గొట్టం పెట్రోలు

మా ఆయనకు చెవి ఉందట. అందరికీ రెండేసి ఉంటాయి కదా అనకండి, అవి వేరు. ఆయనది ఇంజను మాట వినే చెవి. బానెట్ మూసి ఉండగానే లోపల ఏ బోల్టు వదులైందో, ఏ ప్లగ్గు అలిగిందో చెప్పేస్తారట. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆ చెవి నా మాట ఒక్కటైనా విన్న పాపాన పోలేదు, అది వేరే సంగతి.

మాది టైల్స్ చేరవేసే పని. దుకాణం, గోదాము, ట్రక్కు మూడూ మా వదినవి, అంటే మా ఆయన అక్కగారివి. ట్రక్కు పాతది, పెట్రోలుతో నడిచేది. ఊళ్ళో చదును దార్లన్నీ నేనే నడుపుతాను. ఊరి వెనక కొండ మీదికి లోడు పోవాలంటే మాత్రం మా ఆయన వచ్చి స్టీరింగు ముందు కూర్చుంటారు, నేను పక్క సీట్లోకి జరుగుతాను. పైన కొత్త ఇళ్ళు లేస్తున్నాయి, ఇప్పుడు సగం పని అక్కడే. నా చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆయన గేర్లు మారుస్తుంటే చూస్తూ పైకి పోవడం నాకు తల కొట్టేసినట్టుండేది. నాకు ఆ కొండదారి కావాలి. పదకొండేళ్ళుగా కావాలి.

అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు.

"కొండకి కాళ్ళూ చేతులూ చాలవే, చెవి ఉండాలి. నీకది లేదు."

వదినకు మొరపెట్టుకుంటే, "నాకు సరుకు పగలకుండా పైకి చేరాలి. ఎవరు నడుపుతారో మీరూ మీరూ తేల్చుకోండి, మధ్యలో నన్ను లాగొద్దు," అంది.

ఈ చెవిగారికి ఇంకో నమ్మకం కూడా ఉంది. పెట్రోలు ఎంత ఖరీదైతే బండికి అంత బలమని. మా బంకులో రెండు గొట్టాలు. ఎడమది తొంభై ఒకటి, కుడిది తొంభై ఏడు. ఆ అంకెల్ని ఆక్టేన్ అంటారు. ఆయన లెక్కలో తొంభై ఒకటి ఉత్త నీళ్ళు, తొంభై ఏడు టానిక్కు. మా ముసలి ట్రక్కుకు రోజూ టానిక్కే.

ఒకరోజు ఏమీ తోచక ట్రక్కుతో పాటు వచ్చిన పుస్తకం దుమ్ము దులిపి చదివాను. ఈ ఇంజనుకు తొంభై ఒకటి చాలని అచ్చులో ఉంది. అంతకన్నా మంచి సంగతి ఇంకో పేజీలో ఉంది. ఆక్టేన్ అంటే బలం కాదట, ఓర్పట. ప్లగ్గు నిప్పురవ్వ విసిరి తన పని తాను చేసేదాకా తొందరపడి అంటుకోకుండా ఆగే ఓర్పు. కొత్తరకం ఇంజన్లు లోపల పెట్రోలును గట్టిగా నొక్కుతాయి కాబట్టి వాటికి ఓర్పు ఎక్కువ కావాలి. మాది అంతగా నొక్కదు, తక్కువ ఓర్పుతోనే సరిపెట్టుకుంటుంది. అవసరమైన ఓర్పు లేకపోతే మాత్రం పెట్రోలు తనంతట తానే భగ్గుమని పిస్టన్ల నెత్తిన మొట్టుతుంది. దాన్ని నాకింగ్ అంటారు. అది ముదిరితే పిస్టను చిల్లిపడి ఇంజను మూలపడుతుంది.

ఇదంతా ఆయనకు చదివి వినిపించాను.

"ఆ పుస్తకం రాసినవాడు మన కొండెక్కాడా?" అన్నారు. "తొంభై ఒకటి పోసి చూడు, మొదటి మలుపు తిరక్కుండానే నా చెవికి తెలిసిపోతుంది."

"తెలియకపోతే?"

"నా చెవి తప్పిన రోజున కొండ నీదే, పో."

అన్న మాట ఆయన ఆ పూటే మరిచిపోయారు. నేను మరవలేదు.

పొద్దున్నే ఆయన గోదాములో పెట్టెలు సర్దుతుంటే ట్రక్కుకు పెట్రోలు పోయించుకు రావడం నా వంతు. మర్నాడు బంకులో పనివాడు అలవాటుగా కుడి గొట్టం అందుకోబోయాడు. "ఎడమది," అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, మాకేమైనా కష్టకాలం వచ్చిందేమోనని జాలిపడి, అద్దం కూడా తుడిచిపెట్టాడు.

బిల్లు వదినకు పోతుంది కాబట్టి ఆవిడకు చెప్పక తప్పలేదు. విని, పైట నోటికడ్డం పెట్టుకుని భుజాలు ఎగిరేలా నవ్వింది. నెల నిండాక అందరి ముందూ చెబుదామని, అందాకా నోరు కుట్టేసుకుందామని ఇద్దరం అనుకున్నాం.

నా జీవితంలో ఆ నెలంత సుఖపడ్డ నెల లేదు. కొండెక్కుతూ ఆయన కళ్ళు అరమోడ్చి, "విను, ఎంత మెత్తగా లాగుతోందో. వెన్న. ఇదీ తొంభై ఏడంటే," అనేవారు. నేను కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. ఓసారి నవ్వు ఆగక దగ్గు తెచ్చుకుంటే మంచినీళ్ళ సీసా కూడా అందించారు పాపం. మంచి మనిషే, మనిషిని నేనెప్పుడూ తప్పుపట్టలేదు. ఆ చెవినే తప్పుపట్టాను.

నెల నిండడానికి ఇంకా రెండు రోజులు ఉన్నాయనగా కొండ మీది ఇంటికి పెద్ద లోడు పడింది. వదిన ముందే పైకి వెళ్ళి తాపీమేస్త్రీతో కలిసి ఎదురుచూస్తోంది. మేం బయల్దేరాం. రెండో మలుపు దాటి ఎత్తు మొదలవగానే వినిపించింది. డబ్బాలో గోళీలు పోసి కదిపినట్టు, గలగలా కాదు, టకటకా కాదు, ఆ రెంటికీ మధ్యన ఏదో. ఆయన మూడో గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ ఇంకా తొక్కారు. చప్పుడు ఇంకా పెరిగింది.

"ఏమండీ, ఏదో చప్పుడు."

"టైల్స్," అన్నారు నిశ్చింతగా.

టైల్స్ కావు. ఆ పెట్టెల మధ్య గడ్డి కుక్కి తాళ్ళు బిగించింది నేను. అవి కిక్కురుమనవు. ఇది ఇంజను. పుస్తకంలో చెప్పిన చప్పుడు అచ్చం ఇదే.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నెలంతా నోరెత్తని ఇంజను ఇవాళ ఎందుకు కొట్టుకుంటోందో నాకు అంతుబట్టలేదు. ఒకటి మాత్రం తెలుసు. ఇప్పుడు తొంభై ఒకటని నోరు విప్పితే, చూశావా, నీ పుస్తకం నిర్వాకం అంటారు. నెల రోజుల గెలుపు గంగలో కలుస్తుంది, కొండ ఇక జన్మలో నాకు రాదు. నోరు మూసుకుంటే పిస్టను పోతుంది. ట్రక్కు పోతే మా ముగ్గురి పనీ పోతుంది. మూడో మలుపు దాకా ఆగాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆగాను.

"ఆపండి," అన్నాను చివరికి. "అది టైల్స్ కాదు, నాకింగ్. ట్యాంకులో ఉన్నది తొంభై ఒకటి. నెలనుంచీ అదే పోయిస్తున్నాను."

ట్రక్కును పక్కకు తీసి ఆపారు. నేను దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టి వచ్చేసరికి ఇంకా అలాగే కూర్చుని ఉన్నారు. తిడతారని చూశాను, తిట్టలేదు. గెలిచినవాడి నవ్వు నవ్వుతారని చూశాను, అదీ లేదు. మెడ వెనక గోక్కుంటున్నారు.

"నిన్న మెకానిక్ చేత టైమింగ్ ముందుకి జరిపించా," అన్నారు నెమ్మదిగా. "తొంభై ఏడు పోస్తున్నాం కదా, రవ్వ కాస్త ముందే పడితే ఇంకా లాగుతుందన్నాడు. నీకు చెప్పకుండా ఇవాళ చూపించి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నా."

అయ్యో రామా అనుకున్నాను. పాత టైమింగ్‌కు సరిపోయిన ఓర్పు, రవ్వ తొందరపడేసరికి చాలకుండా పోయింది. పెట్రోలు తప్పు కాదు, నా తప్పూ కాదు. ఆ మాట ఆయన కడుపులో దాచుకుని ఉంటే నాకు చచ్చినా తెలిసేది కాదు. తప్పంతా నా నెత్తిన రుద్దేయొచ్చు. అలా చేయలేదు. ఆ క్షణంలో ఆయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను, చెప్పనూ లేదు.

ఆయన బానెట్ ఎత్తి, స్పానరుతో, రవ్వ పడే వేళను నడిపే డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి, దాన్ని రవ్వంత వెనక్కి తిప్పి మళ్ళీ బిగించారు. నేను వెళ్ళి పక్క సీటు తలుపు పట్టుకున్నాను.

"అటు కాదు," అన్నారు. "నువ్వు నడుపు."

"కొండ కదండీ."

"నాకు టైల్సే వినిపిస్తున్నాయే," అన్నారు, నా వైపు చూడకుండా. "చప్పుడు ఎక్కడ ఆగుతుందో నువ్వే విని చెప్పు. నేను దిగి తిప్పుతుంటా."

రెండో గేరులో వేసి, కాలు మెత్తగా ఆనించి కదిలించాను. వంద గజాలు పోయాక పలచగా వినిపించింది. ఆపాను. ఆయన దిగి, రాయి పెట్టి, ఇంకాస్త తిప్పారు. మళ్ళీ పోయాను. ఇంకా ఉంది, కానీ దూరంగా. మళ్ళీ ఆపాను. నాలుగోసారికి చప్పుడు పూర్తిగా పోయింది. ఇంజను ఎప్పటి ముసలి గొంతుతో గొణుక్కుంటూ ఎక్కసాగింది. చెమటతో నా అరచేతులు స్టీరింగు మీద జారుతున్నాయి. మలుపు మీద మలుపు నా కిందనుంచి పోతుంటే చిన్నపిల్లలా గట్టిగా నవ్వాలనిపించింది. పక్క సీట్లో ఆయన స్పానరు పట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు.

పైన వదిన గేటు దగ్గరే నిలబడి ఉంది. స్టీరింగు ముందు నన్ను చూసి, గడియారం చూసి, మళ్ళీ నన్ను చూసింది.

"ఏంట్రా ఇంతాలస్యం? తను నడిపిందేంటి?" అని తమ్ముణ్ణి అడిగింది.

మా ఆయన దిగి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ గొంతు సవరించుకున్నారు. "ఈ బండికి తొంభై ఒకటి చాలక్కా. టైమింగ్ సరిగ్గా ఉంటే టానిక్కులూ అవీ అక్కర్లేదు. నెల్రోజులుగా పరీక్ష చేసి చూస్తున్నా, ఇవాళ తేలింది."

వదిన పైట నోటికి చేరింది. నేను ఆవిడ వైపు చూస్తే ఇద్దరం అక్కడే పట్టుబడిపోతామని టైల్స్ తాళ్ళు విప్పడం మొదలుపెట్టాను.

"అలాగా," అంది వదిన, నవ్వు బిగబట్టి. "మరి రేపు రెండు లోడ్లున్నాయి. ఎవరు తెస్తారు?"

"ఇకనుంచి కొండ తనదే," అన్నారు ఆయన. "బాగా వింటుంది. నేనే నేర్పించా."

నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కొండ నాకిచ్చారు కదా, నేర్పిన పేరు ఆయననే ఉంచుకోమన్నాను మనసులో, మొదటి పెట్టె కిందికి దించుతూ.