పిచ్చుక ఏడవాల్సిన రోజు

గడ్డం కింద ముడతపడిన చర్మాన్ని ఎడమచేతి బొటనవేలితో సాగదీసి పట్టుకుని, కత్తిని మెల్లగా పైకి జరిపాడతను. నురగ కింద తెల్లవెంట్రుకలు గరగరమంటూ తెగాయి. కుర్చీలో డ్రిల్లు మాస్టారు కళ్ళు మూసుకుని ఉన్నాడు. బడి వదిలి ఏళ్ళయినా ఆయన గొంతు ఇంకా ఆటస్థలం వదల్లేదు. పీక మీద కత్తి ఉంటే తప్ప నోరు మూయడు కాబట్టి, పూటకోసారి గడ్డం చేయించుకు రమ్మని వాళ్ళావిడే తరుముతుందని వీధిలో చెప్పుకుంటారు.

కత్తి గిన్నెలోకి వెళ్ళగానే ఆ గొంతు లేచింది.

"ఏమోయ్ మెత్తచెయ్యీ! ఇవాళ కళ్ళు అంత ఎర్రగా ఉన్నాయేం?"

"ఏం లేదండి. రాత్రి సరిగ్గా నిద్ర లేదు."

"పాప నిద్రపోనివ్వలేదా?"

"పాప పడుకుంది. నేనే పడుకోలేదు."

మెత్తచెయ్యి అన్నది షాపుకొచ్చేవాళ్ళు పెట్టిన పేరు. కుట్లు పడిన తలైనా, మంచం పట్టిన ముసలివాళ్ళ గడ్డమైనా, కత్తెర చూస్తేనే గుక్కపట్టే చంటిపిల్లలైనా అతన్నే పిలుస్తారు. అంతకుమించి చెప్పుకోవడానికి అతని దగ్గర ఏమీ లేదు. అద్దెకు తీసుకున్న ఇరుకు షాపు, ఒక తిరుగుడు కుర్చీ, మూల పగిలిన అద్దం, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి గోడవారన ఒక బల్ల. పొద్దున తలుపు తీయడం, చీకటి పడితే మూయడం, మధ్యలో ఊరి వాళ్ళ తలలు. అతని బతుకు మొత్తం మెడ వెనక నుంచి చూసినదే.

"మధ్యాహ్నం వస్తాను, తలకి రంగు వెయ్యాలి. రేపు పెన్షనాఫీసులో ఫోటో దిగమన్నారు. బతికే ఉన్నానని చూపించాలట."

"నేను కాసేపు ఉండనండి. మా అమ్మ ఉంటుంది షాపులో. కూర్చోండి, వచ్చేస్తాను."

అమ్మని షాపులో ఉంచడం నాలుగు రోజులుగా లోపల నానుతున్న ఆలోచనే. పైకి అనడం మాత్రం అదే మొదలు.

ఆ మధ్యాహ్నం సంక్షేమ ఆఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ ఇంటికి రాబోతోంది. ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాలకి నెలనెలా ఇచ్చే భత్యం అతని కూతురికి ఇవ్వాలో వద్దో తేల్చేది ఆవిడే.

కూతురికి తొమ్మిదో ఏడు. మాటలు రాలేదు. సంతోషమొస్తే రెండు చేతులూ రెక్కల్లా టపటపలాడిస్తుంది కనుక నానమ్మ దాన్ని పిచ్చుక అని పిలవడం మొదలుపెట్టింది, ఇప్పుడు ఇంటిల్లిపాదికీ అదే పేరు. మాట నేర్పే టీచరమ్మ దగ్గరికి పంపడం మొదలుపెట్టాక, నీళ్ళు కావాలంటే పెదాలు బిగించి "మ్మ్" అనడం నేర్చింది. ఆ ఒక్క శబ్దం కోసం అతను గ్లాసు పట్టుకుని ఎంతసేపైనా ఎదురుగా కూర్చునేవాడు. కానీ షాపు మీద వచ్చేది అద్దెకీ, తిండికీ సరి. భార్య ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట సంపాదించేది మందులకీ, బస్సులకీ సరి. టీచరమ్మ ఫీజు బకాయి పడింది. ఈ నెల దాటితే పిచ్చుక చోటు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందని ఆవిడ తల దించుకునే చెప్పింది.

సాయం కోసం అతను తొక్కని గడప లేదు. ఒక ధర్మసంస్థ వాళ్ళు పాపని వేదిక ఎక్కించమన్నారు. దీపాలూ చప్పట్లూ చూసి పిచ్చుక చెవులు మూసుకుని బల్ల కిందికి దూరింది. చెక్కు, కెమెరా వైపు నవ్వగలిగిన ఇంకో పాపకి వెళ్ళింది. ఒకచోట వయసు దాటిపోయిందన్నారు, మరోచోట ఇంకా రాలేదన్నారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. అయినా ప్రతి బల్ల ముందూ నిలబడి, కూతురు ఏమేం చేయలేదో, ఎక్కడెక్కడ మలమూత్రాలు ఆపుకోలేదో, ఎవరెవర్ని కొరికిందో వల్లించాడు. వల్లించి ఇంటికొచ్చిన ప్రతిసారీ దాని ముఖం చూడలేకపోయేవాడు.

పోయినేడాది ఇదే ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. ఆ పూట పిచ్చుక నానమ్మ పక్కన చేరి, ఆవిడ చేతి మీద ఉబ్బిన నరాన్ని వేలితో నొక్కుతూ, వదలగానే అది మళ్ళీ నిండడం చూస్తూ, లోలోపల కూనిరాగం తీసుకుంటూ ముత్యంలా కూర్చుంది. "పాప బాగానే ఉందిగా!" అంటూ ఆయన టీ తాగి వెళ్ళాడు. పరిస్థితి అంత తీవ్రంగా లేదని కొన్నాళ్ళకి జవాబొచ్చింది. ఈ ఏడు డాక్టరు రాసిన కాగితం జతచేసి మళ్ళీ అర్జీ పెట్టాడు.

అప్పుడే, టీచరమ్మ గది బయట కలిసే ఒక తండ్రి, బస్సు కండక్టరు, అతని భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. "అన్నా, వాళ్ళొచ్చిన రోజు మన పిల్లలు బుద్ధిగా ఉంటే కొంప మునిగినట్టే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మన పిల్లలకి అడగడమంటే ఏడవడమే."

అతని అమ్మ మాత్రం అడిగించుకుని పెట్టింది ఏనాడూ లేదు. పదిళ్ళలో గిన్నెలు తోమి అతన్ని పెంచింది. ఆ చేతులే ఇప్పుడు పిచ్చుకని పెంచుతున్నాయి. కుక్కరు కూత వేయబోయే క్షణం ఆవిడకి ఎలా తెలుస్తుందో, సరిగ్గా అంతకుముందే వెళ్ళి మనవరాలి చెవులు మూస్తుంది. ఆవిడ ఇంట్లో ఉంటే పిచ్చుక ఏడవదు. చిక్కల్లా అదే.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ పిచ్చుకకి అన్నం తినిపించి మూతి తుడుస్తోంది.

"అమ్మా, కాసేపు షాపులో కూర్చుంటావా?"

"నేనా? నాకేం తెలుసురా షాపు సంగతి? కత్తి పట్టుకోమంటావా ఏంటి?"

"మాస్టారొస్తారు. కూర్చోబెట్టు, అంతే."

"ఆఫీసరమ్మ వస్తుందన్నావుగా. కొత్తవాళ్ళని చూస్తే ఇది బెదురుతుంది. నేను పక్కనుండొద్దూ?"

అతను కాళ్ళు కడుక్కోవడానికి అటు తిరిగాడు. "నేనున్నాగా. నువ్వుంటే అది నీ కొంగు వదలదు, ఆవిడ అడిగిందానికి జవాబు చెప్పనివ్వదు."

వెనక అన్నం గిన్నె పక్కన పెట్టిన చప్పుడైంది. తర్వాత, "సరేలే నాయనా," అంది అమ్మ. తన మణికట్టు చుట్టూ ఉన్న మనవరాలి వేళ్ళని ఒక్కొక్కటిగా విప్పింది. "ఇప్పుడే వచ్చేస్తా పిచ్చుకా," అని దాని నెత్తి మీద ముద్దు పెట్టింది.

మెట్లు సగం దిగి గోడకి చెయ్యి ఆనించి ఆగింది.

"ఏమైందమ్మా?"

"ఏముంది, ఊపిరే. ఎండ కదా." మళ్ళీ దిగింది.

వెనక్కి పిలుద్దామనుకున్నాడు. ఈ వారంలో ఆవిడ అలా ఆగడం అతను చూడకపోలేదు. కానీ ఆఫీసరమ్మ ఏ క్షణాన్నైనా రావచ్చు. వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ వీపు చూస్తూ నిలబడి, లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

అతని ప్యాంటు జేబులో జుట్టు కత్తిరించే మిషను ఉంది. షాపులోంచి వస్తూ తెచ్చుకున్నాడు. దాని రొద పిచ్చుక భరించలేదు. అందుకే దాని జుట్టు ఎప్పుడూ నిద్రలో ఉండగా కత్తెరతోనే కత్తిరిస్తాడు. మిషను తెచ్చుకున్నది అవసరం పడితేనే అనుకున్నాడు. అవసరం పడదులే అని కూడా అనుకున్నాడు.

ఆఫీసరమ్మ చెమటలు కక్కుతూ వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, అరిగిన సంచి. కుర్చీ వెయ్యబోతే వద్దని, పిచ్చుకకి కాస్త దూరంగా చాప మీద చతికిలబడింది. పాపని పలకరించలేదు, ముట్టుకోలేదు. మంచినీళ్ళు అడిగి తాగింది. పిచ్చుక గుమ్మం వైపు తిరిగి, కొద్దిగా ముందుకీ వెనక్కీ ఊగుతూ, నానమ్మ కోసం చూస్తోంది. ఏడవడం లేదు.

ఆవిడ అడిగేవాటికి అతను ఏదో చెబుతున్నాడు. చెవులు మాత్రం కూతురి మీదే ఉన్నాయి. ఏడు తల్లీ, ఒక్కసారి ఏడు, అని మనసులో వేడుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా ఏడవద్దని వేడుకున్న తండ్రి. పిచ్చుక కూనిరాగం అందుకుంది. ఆఫీసరమ్మ ఆ రాగం విని చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూడగానే పోయినేడు వచ్చినాయనా, ఆయన తాగిన టీ, తర్వాత వచ్చిన జవాబూ గుర్తొచ్చి అతని చెయ్యి జేబులోకి వెళ్ళింది.

మిషను బుర్రుమంది.

పిచ్చుక కేక పెట్టింది. చెవులు మూసుకుని తలని గోడకేసి కొట్టుకుంది. ఒకసారి, మళ్ళీ, మళ్ళీ. మణికట్టు నోట్లో పెట్టుకుని కొరికింది. ఆపేద్దామని అతను బటన్ కోసం తడిమాడు. చెమటపట్టిన వేళ్ళకి అది దొరకలేదు. ఎవరి చర్మమూ తెగనివ్వని ఆ వేళ్ళు జేబులో దారి తప్పిన ఎలకల్లా కొట్టుకున్నాయి.

"ముందు అది ఆపండి," అంది ఆఫీసరమ్మ.

జేబులోంచి బయటికి తీస్తే తప్ప ఆపలేకపోయాడు. ఆవిడ దాన్ని చూసింది. పిచ్చుక పాకుతూ మంచం కిందికి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి దాని వెక్కిళ్ళు వినబడుతున్నాయి.

"పాప సంగతి డాక్టరు రాసింది చూసి ఆఫీసులోనే ఒప్పుకున్నామండి," అందావిడ మెల్లగా. "వచ్చే నెల నుంచి మీకు భత్యం వస్తుంది. పాపని పరీక్షించడానికి రాలేదు నేను."

"మరి..."

"పగలంతా పాపని చూసుకునేది మీ అమ్మగారని రాశారుగా. ఆవిడతో మాట్లాడదామని వచ్చాను. ఏం కష్టంగా ఉంది, ఏం కావాలి అని. ఆవిడ లేరా?"

"షాపులో ఉందండి."

ఎందుకని ఆవిడ అడగలేదు. అడిగి, నాలుగు తిట్టి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. "మీరేం మొదటివాళ్ళు కాదు," అంది లేచి సంచి తగిలించుకుంటూ. "ఒక తల్లి పిల్లాడికి పొద్దుట్నించీ అన్నం పెట్టకుండా ఉంచింది, నేనొచ్చేసరికి గోల చెయ్యాలని. తప్పు మా వాళ్ళది కూడా. రేపు మళ్ళీ వస్తాను. అమ్మగారిని ఉండమనండి."

ఆవిడ వెళ్ళాక అతను మంచం పక్కన నేల మీద పడుకున్నాడు. "పిచ్చుకా, ఇంక లేదమ్మా. అయిపోయింది." చెయ్యి లోపలికి చాపాడు. చాలాసేపటికి దాని వేలు అతని చేతి వెనక తాకి, నరం కోసం వెతికింది. అక్కడ ఉబ్బిన నరం ఏదీ లేదు. వేలు వెనక్కి వెళ్ళిపోయింది.

"నానమ్మ దగ్గరికి వెళ్దామా?" అన్నాడు. ఆ మాటకి బయటికొచ్చింది. నుదుటి మీద బొప్పి, మణికట్టు మీద పళ్ళగాట్లు. అతని చెయ్యి పట్టుకోలేదు, చొక్కా అంచు మాత్రం పట్టుకుని నడిచింది. దారి పొడుగునా అమ్మకి ఏం చెప్పాలా అని ఆలోచించాడు. భత్యం వచ్చిందని ముందు చెప్పాలి. బొప్పి సంగతి అడిగితే పడిపోయిందని చెప్పాలి. కాదు, అమ్మకి అబద్ధం చెప్పి నిలబడ్డవాడెవడు? అంతా చెప్పేద్దాం. రెండు చీవాట్లు పెడుతుంది, తర్వాత పిల్లకి పసుపు రాస్తుంది.

షాపు గుమ్మంలోకి రాగానే డ్రిల్లు మాస్టారు పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. ఆయన గుసగుసలాడటం అతను విన్నది అదే మొదటిసారి.

"ష్... మీ అమ్మ నిద్రపోతోంది. కుర్చీలో కూర్చోవమ్మా అంటే వినలేదు, అది డబ్బులిచ్చేవాళ్ళ కుర్చీ అంది. రేడియో ఆపేశాను."

అమ్మ బల్ల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తల ఒక పక్కకి వాలింది. పిచ్చుక వెళ్ళి ఆవిడని ఆనుకుని కూర్చుంది.

"ఆఫీసు పని ఏమైంది?" అన్నాడు మాస్టారు అదే గుసగుసతో. "మీ అమ్మ ఏదో అంది, నాకు అర్థం కాలేదు. 'నేనుంటే పిల్ల ఏడవదండీ, అందుకే ఇటొచ్చేశాను' అంది. ఏడవకపోతే మంచిదేగా?"

అతను వంగి, అమ్మ చెంప మీద చెయ్యి పెట్టాడు. రోజంతా ముఖాలని ముట్టుకునే చెయ్యి అది. దానికి ఇట్టే తెలిసింది. మాస్టారు అతని ముఖం చూసి లేచి నిలబడ్డాడు.

తర్వాత పక్క షాపు వాళ్ళు వచ్చారు. ఎవరో డాక్టరుని పిలుచుకొచ్చారు, ఆయన మణికట్టు పట్టుకుని చూసి వదిలేశాడు. మరెవరో అతని భార్యకి కబురు పంపారు. అమ్మని ఎత్తుకెళ్ళడానికి నలుగురు పట్టారు. ఆవిడ బరువుకి ఇద్దరు చాలు. బల్ల ఖాళీ అయినా పిచ్చుక లేవలేదు, నానమ్మకి ఆనుకున్న ఇందాకటి వాలు మీదే కాస్త పక్కకి ఒరిగి కూర్చుంది. అతను దాని పక్కన, అమ్మ కూర్చున్న చోటు వదిలి, ఇవతలగా కూర్చున్నాడు.

"ఇందాక మీ అమ్మ పళ్ళబండి ఆపి అది కొంది," అన్నాడు మాస్టారు గుమ్మం దగ్గర నుంచి, బల్ల చివరికి చూపిస్తూ. "పీచుంటే మనవరాలు నోట్లో పెట్టదటగా. ఒలుస్తూ ఒలుస్తూనే కళ్ళు మూసింది."

బల్ల చివర పాత పేపరు మీద కమలాపండు ఉంది. పీచంతా తీసి నున్నగా చేసిన తొనలు ఒక పక్క వరసగా, ఇంకా తెల్లటి పీచు అంటుకుని ఉన్నవి మరో పక్క. మధ్యలో ఒక తొన, సగం ఒలిచిన పీచు దాని అంచునుంచి దారంలా వేలాడుతూ.