వన్ బై టూ సూపులు

నేను ఒక తిరుగుబోతుని. కంగారు పడకండి, మీరనుకునే తిరుగుడు కాదు. ఉన్నచోటే ఉండి తిరగడం నా ఉద్యోగం. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్ ఉంది. దాని భోజనశాలలో కిటికీ పక్కన ఒక గుండ్రటి బల్ల. ఆ బల్ల నడుమ గిన్నెలు పెట్టుకుని ఎవరి వైపు వాళ్ళు తిప్పుకునే టేకు పళ్ళెం ఒకటి ఉండేది. అది నేను. నా పుట్టుకకి కారణం ఒక చెవి.

హోటల్ మేనేజరు గాజువాకలోని వడ్రంగి అప్పలాచారికి ఫోన్ చేసి, "బల్ల మీదకి తిరిగేదొకటి కావాలండీ, గుండ్రంగా" అన్నాడు. అవతల రంపం మిషను గీపెడుతోంది. ఆచారి చెవిలో 'తిరగలొకటి' అని పడింది. పెద్ద హోటళ్ళవాళ్ళ సరదాలు పెద్దవి, వచ్చినవాళ్ళ ఎదుటే పెసరపప్పు విసిరి పెడతారు కాబోలు అనుకున్నాడాయన. చేయి తిరిగిన పనివాడు కదా, మంచి టేకు ఏరి, గుండ్రంగా కోసి, నడుమ గింజలు పోయడానికి ఒక కన్నం, అంచున పిడి దిగ్గొట్టడానికి ఇంకో కన్నం పెట్టి మోసుకొచ్చాడు. చూసిన మేనేజరుకి కళ్ళు తిరిగాయి.

"నేనడిగింది తిరిగేదండీ."

"ఇదీ తిరుగుద్దండీ" అన్నాడు ఆచారి. ఆ మాటకి తిరుగులేదు.

చివరికి నడిమి కన్నానికి ఇత్తడి తామరపువ్వు, అంచు కన్నానికి లక్క బిళ్ళ బిగించి, కింద ఉక్కు గోళీలు పెట్టి నన్ను బల్లకెక్కించారు. పప్పు విసిరే యోగం తప్పింది. మనుషులు ఒకరి మీద ఒకరు విసురుకునే మాటలు మాత్రం బోలెడన్ని విన్నాను.

ఇప్పుడు నా సంగతి అడక్కండి. హోటల్‌కి కొత్త హంగులు చేయిస్తూ గాజు పళ్ళెం తెప్పించారు. నన్ను స్టోరు గదిలో, విరిగిన కుర్చీల వెనక, గోడకి నిలువునా ఆనించారు. తిరగడానికి పుట్టినదాన్ని నిలబెడితే ఎలా ఉంటుందో మీకేం తెలుసు? పక్కగదిలో మిక్సీ ఆడితే నా ఒళ్ళు ఝల్లుమంటుంది. తలుపు చప్పుడైతే నా కోసమేనేమో అనిపిస్తుంది. వచ్చినవాళ్ళు చీపురు తీసుకుని పోతారు. ఒక చోట ఉండలేను, ఇంకో చోటికి పోలేను. అందుకే కాసేపు మాటైనా తిప్పుకుంటాను, వినండి.

ఐదు చుక్కల హోటల్ కదా, వచ్చినవాళ్ళకి చుక్కలు కనబడేవి. మెనూ చూడగానే మేను జలదరించేది. వెయిటరు అని పేరు అతనిదే గాని వెయిట్ చేసేది మాత్రం బల్ల ముందున్నవాళ్ళు. నేను చూసిన మనుషుల గొప్పతనం ఏమిటంటే, నోటితో "ముందు మీరు, ముందు మీరు" అంటూనే వేలితో నన్ను తమ వైపు లాక్కోవడం. వియ్యంకులు వచ్చారు, ఒకరు కుడికి, ఒకరు ఎడమకి తిప్పితే నేను అక్కడే వణుకుతూ నిలబడ్డాను. ఆఫీసులో చక్రం తిప్పేవాళ్ళు వచ్చారు, రొయ్యల గిన్నె దగ్గర మాత్రం వాళ్ళ చక్రం నేనే. ఇన్ని చేతులు తిప్పినా నాకు గుర్తున్న చెయ్యి ఒకటే. దాని పేరు సన్యాసిరావు.

అతనితోపాటు తాతారావు, జోగులు. ముగ్గురూ ఐటీఐలో కలిసి చదివారు. యాభైకి దగ్గర పడ్డారు. తాతారావు ఇంకా తాత కాలేదు, పేరు మాత్రం ముందే పెట్టేశారు. ఫిషింగ్ హార్బర్‌లో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. జోగులు బడిలో డ్రిల్లు మాస్టారు, పిల్లల్ని పరిగెత్తించి తాను జోగుతాడు. సన్యాసిరావు పోర్టులో క్రేన్ మీద పని. ఆ హోరులో ఎడమ చెవి మందగించింది. పెళ్ళి కాలేదు. కుర్రతనంలో చాలా చూపులకి వెళ్ళాడు, ఏదీ కుదరలేదు. ఆ తరువాత సన్యాసి అన్న పేరుకి న్యాయం చేస్తున్నావని స్నేహితులు అంటూ ఉంటే నవ్వేవాడు. నవ్వి ముఖం తిప్పుకునేవాడు.

చాలా ఏళ్ళుగా ఈ ముగ్గురూ ఎదుటి ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్ తింటూ, మా అద్దాల కిటికీ వైపు చూసి, ఒక్కసారైనా లోపలికి వెళ్ళాలని అనుకునేవారట. ఈలోగా డాక్టరు తాతారావు పొట్ట చూసి రాత్రిపూట అన్నం మాన్పించి సూపు తాగమన్నాడు. భార్య నూకరత్నం కాచే సూపుకి, చారుకి తేడా ఆచారి కూడా చెప్పలేడు. తాగేదేదో పెద్ద హోటల్లోనే తాగుదామని తాతారావు స్నేహితుడికి ఫోన్ చేశాడు. ఆ ఫోన్ సంగతి ఆ సాయంత్రం నా ఎదుట పదిసార్లు చెప్పుకున్నారు కాబట్టి నాకు కంఠతా వచ్చు.

"ఒరే సన్నాసీ, ఆదివారం సాయంత్రం పెద్ద హోటల్లో సూపులకి వచ్చీ. మా రత్నం వత్తాది. దాని సావాసకత్తె విజయగౌరి గారు కూడా వత్తారు."

ఇక్కడే ఉంది తిరకాసు. ఆ ప్రాంతపు నోట్లో చూపూ సూపే, సూపూ సూపే. ఒకటి కంటితో, ఒకటి చెంచాతో. సన్యాసిరావు ఫోన్ పెట్టింది ఎడమ చెవికి. పైగా ఒక ఆడమనిషి పేరు కూడా వినపడింది. ఇంకేముంది, పెళ్ళిచూపులే అనుకున్నాడు.

ఆదివారం అందరికంటే ముందు అతనే వచ్చాడు. కొత్త చొక్కా, మడత గీత ఇంకా పోలేదు. మీసానికి రంగు. పక్కన విజయనగరం నుంచి పట్టుచీరతో వచ్చిన అక్క పైడమ్మ, ఆమె చేతిలో పళ్ళెం, పళ్ళెంలో అరటిపళ్ళు, తమలపాకులు, మల్లెపూలు. ఇంకా ఎవరూ రాకముందే ఆమె తెచ్చిన పళ్ళెం నా మీద పెట్టింది. సన్యాసిరావు నా అంచు పట్టుకున్నాడు. చెమట చెయ్యి. కాస్త కుడికి తిప్పాడు, కాస్త ఎడమకి తిప్పాడు.

"ఇదే ఆకరు, అక్కా" అన్నాడు గొంతు తగ్గించి. "ఈ సూపులు కుదరకపోతే మరింకెవరి ముందూ నాను కూకోను. నువ్వు కూడా అడక్కు."

పైడమ్మ పళ్ళెంలో పూలు ఇంకోసారి సర్దింది. అంతవరకూ నేను ఎన్నో గిన్నెలు మోశాను గాని అంత బరువు మోయలేదు.

మిగతావాళ్ళు వచ్చారు. జోగులు కూర్చోకుండానే, "మీసానికి బూటు పాలిసేటేశావ్రా?" అన్నాడు. నూకరత్నం నవ్వాపుకుంది. విజయగౌరి నవ్వలేదు, మర్యాదగా నమస్కారం పెట్టింది. నలభై అయిదేళ్ళుంటాయి. భర్త పోయి చాన్నాళ్ళయింది. బస్ కాంప్లెక్స్‌లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో చెప్పే ఉద్యోగం. ఆమె పాడేరంటే పార్వతీపురమని విని పరిగెత్తేవాళ్ళని రోజూ చూస్తుంది.

సన్యాసిరావు ఆమెని సూటిగా చూడలేక నన్ను తిప్పడం మొదలుపెట్టాడు. నా మీద పళ్ళెం, నీళ్ళ జగ్గు, ఉప్పు సీసా, అన్నీ ఊరేగుతున్నాయి. జోగులు ఉప్పు అందుకోబోతే అది నూకరత్నం దగ్గరికి పోయింది. తిరిగి తిరిగి పళ్ళెం విజయగౌరి ముందు ఒక్క క్షణం ఆగింది. హోటల్ వాళ్ళు పెట్టిందేమో అనుకుని ఆమె ఒక అరటిపండు తీసుకుని, తొక్క వలిచి, తినడం మొదలుపెట్టింది.

పైడమ్మ కళ్ళు చెమర్చాయి. పండు పుచ్చుకుంది, పిల్ల ఒప్పుకున్నట్టే. ఇక పెద్దరికం తీసుకుని అడగవలసినవి అడిగింది. వంట వచ్చా అంటే వచ్చని చెప్పింది విజయగౌరి.

"మరి పాటొచ్చామ్మా?"

విజయగౌరి కాస్త తికమకపడింది. "పాటలు రావండీ. నాకు బస్సులొస్తాయి" అంది.

బస్సులు వచ్చే పిల్ల దొరకడం కష్టమే అనుకుందేమో, పైడమ్మ తల ఊపి తాతారావు వైపు తిరిగింది.

"మరి సూపులెప్పుడు, బావూ?"

"వచ్చేత్తాయక్కా. ముందు సూపులే. అవయ్యాకే మిగతాయన్నీ."

"అదే పద్దతి" అంది పైడమ్మ తృప్తిగా.

"ఏడిగా ఉన్నప్పుడే కానిచ్చీయాల. సల్లారితే మజా ఉండదు" అన్నాడు తాతారావు. పైడమ్మకి ఆ మాట కొంచెం తేడాగా తోచింది.

"మరి నచ్చకపోతేరా?" అన్నాడు సన్యాసిరావు. అతను అడిగింది అవతలివాళ్ళకి తాను నచ్చకపోతే అని.

"నచ్చకపోతే ఎనక్కి పంపించీడమే. ఇంకోటి తెప్పించుకుందాం. నాను రెండు రకాలు సెప్పుంచాను. మొగమాటం దేనికిరా?"

పిల్లకిద్దామని పైడమ్మ చేతిలోకి తీసుకున్న మల్లెపూలు నా మీద రాలాయి. ఆమె విజయగౌరి ముఖం వైపు చూసింది. ఆ మనిషి నిదానంగా మిగతా అరటిపండు తింటోంది. జోగులు ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు.

"రెండేలరా? ఒకటి సాలు. నానూ, సన్నాసీ వన్ బై టూ సేసుకుంటాం. ఎప్పుడూ అలవాటే కదా."

పైడమ్మ లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి జారింది. ఇలాంటి సంబంధం తమ ఇంటా వంటా లేదని, పండు తిన్న పిల్ల మొహం చూసైనా సిగ్గుపడాలని, లెగరా తమ్ముడూ అని గొంతెత్తింది. తాతారావు నోరు తెరిచాడు. నూకరత్నం మొగుణ్ణి గిల్లింది, ఎందుకు గిల్లుతోందో తనకే తెలియదు. సన్యాసిరావు ఏం చేయాలో తోచక నన్ను గిరగిరా తిప్పేస్తున్నాడు. నా కింది గోళీలు కీచుమన్నాయి. జగ్గు ఒలికింది. ఆ సుడిలోకి వెయిటరు వచ్చి, వినయంగా వంగి, నా మీద ఆవిరి కక్కే గిన్నెలు పెట్టాడు.

"మీ సూపులు వచ్చాయండీ."

సన్యాసిరావు చెయ్యి ఆగింది. నేనూ ఆగాను. అతను గిన్నెలోకి చూశాడు. పసుపురంగు నీళ్ళలో మొక్కజొన్న గింజలు. చాలాసేపు చూశాడు. గిన్నెలో తన మీసం కనబడిందేమో, జేబురుమాలు తీసి మెల్లగా రంగు తుడుచుకోబోయాడు. రంగు బుగ్గకి అంటుకుంది. తాతారావుకి అప్పుడు వెలిగింది. ఫోన్లో తానేమన్నాడో, వాడేం విన్నాడో గొణుక్కుంటూ లెక్కేసుకుని, "ఓరి నీ సూపులు తగలెయ్య" అని తల పట్టుకున్నాడు. జోగులు నవ్వబోయి, స్నేహితుడి ముఖం చూసి, నవ్వుని దగ్గుగా తిప్పేశాడు.

పైడమ్మకి ఇంకా అర్థం కాలేదు, గిన్నెలో ఉన్నది చారనుకుంది. "ఇదేటి, సారు తెచ్చాడు?" అంది. పక్క బల్లలవాళ్ళు తలలు తిప్పి చూస్తున్నారు. సన్యాసిరావు ఎవరివైపూ చూడకుండా, "తప్పు నాదే, అక్కా. ఈ సెవి. లెగు, ఎల్దాం" అన్నాడు.

అప్పుడు విజయగౌరి లేచింది. అరటితొక్క పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఒక చెంచా తీసి నోటి ముందు పెట్టుకుంది. గొంతు మారిపోయింది. హాలు చివరి బల్ల దాకా వినబడింది.

"ప్రయాణికులకు గమనిక. తాతారావు గారు పిలిచింది చెంచాతో తాగే సూపులకి. సన్యాసిరావు గారు విన్నది కళ్ళతో చూసే సూపులకి. అందువల్ల వారు పొరపాటున వేరే ప్లాట్‌ఫారం మీదకి వచ్చి నిలబడ్డారు. వెనక్కి పంపిస్తామన్నది, రెండు రకాలన్నది, వన్ బై టూ అన్నది గిన్నెల గురించి మాత్రమే. పండు తిన్న ప్రయాణికురాలికి అది ఏ పండో తెలియదు. జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

హాలంతా ఒక్కసారి నవ్వింది. పైడమ్మ నవ్వలేదు. మెల్లగా కూర్చుని, "అయితే సూపులు లేవామ్మా?" అని అడిగింది.

విజయగౌరి వెయిటరుని పిలిచి ఒక ఖాళీ గిన్నె అడిగింది. ఇక్కడ వన్ బై టూ ఇవ్వరండీ అన్నాడతను. "ఇవ్వొద్దులెండి, గిన్నె ఇవ్వండి" అంది. తన సూపులో సగం అందులో వంచింది. దాన్ని నా మీద పెట్టి, లక్క బిళ్ళ ఉన్నచోట, ఆచారి పిడి కోసం తొలిచిన ఆ చోటే, వేలు ఆనించి నన్ను తిప్పింది. ఒక్క చుక్క ఒలకకుండా వెళ్ళాను. లేవబోతున్న సన్యాసిరావు ముందు ఆగాను.

ఆమె ఏదో మెల్లగా అంది. అది అతని ఎడమ చెవి వైపు పడింది.

"ఏటన్నారండీ?" అన్నాడు సన్యాసిరావు, బెరుకుగా కుడి చెవి తిప్పుతూ.

విజయగౌరి మళ్ళీ కాంప్లెక్స్ గొంతు ఎత్తింది.

"సగం మీకు అన్నాను. కూర్చోండి. చల్లారకముందే తాగండి."