ఒకవైపు పొట్ట

సంచిలో రెండు జతల బట్టలు, దువ్వెన, గ్లాసు పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. ఇవాళ ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేరాల్సింది మొగుడు. సంచి పట్టుకుని గడప దాటిన మనిషి తిరిగి రాడేమోనని ఆమెకి ఎప్పుడూ భయం.

మొగుడు టైలరు. పొద్దున్నే అప్పగింతలు మొదలుపెట్టాడు. "నా కత్తెరతో కూరలు తరక్కు," అన్నాడు పెళ్ళాంతో. లారీ తోలే బామ్మర్ది చేతికి గొడుగిచ్చి, "ఇక దీంతో నాకేం పని!" అని ముక్కు చీదాడు.

"కుట్లేయించుకోడానికి టైలరే భయపడితే ఎలా బావా?" అంటూ బామ్మర్ది గొడుగు చంకన పెట్టుకుని, సంచి అందుకున్నాడు.

ఎడమవైపు పొట్ట మాత్రమే సొరకాయలా ఉబ్బింది. అందరి నడుములూ కొలిచే మనిషికి తన చొక్కా ఒకవైపే బిగిసేది. పైగా అక్కడ బట్ట తగిలితే నిప్పు రాసినట్టు మంట. మొదట చూసిన డాక్టరు హెర్నియా అన్నాడు, పొట్ట కండకి కన్నం పడి పేగు తోసుకొస్తోందని.

ఆసుపత్రిలో ఆపరేషన్ చెయ్యాల్సిన డాక్టరమ్మ పడుకోబెట్టి, తల ఎత్తమంది, దగ్గమంది. పొట్ట ఉబ్బింది గానీ వేళ్ళకి కన్నం తగల్లేదు. స్కానులోనూ లేదు. దూదితో రాస్తే మనిషి ఎగిరిపడ్డాడు. పక్కకి తిప్పి చూసింది. వెన్ను నుంచి బొడ్డుదాకా మానిన మచ్చల పట్టీ.

"ఇవేంటి?"

"ఇస్త్రీపెట్టె తగిలి కాలిందండీ, రెండు నెలల కింద. పొక్కులొచ్చి పోయాయి."

"వెన్ను దగ్గర బయల్దేరి బొడ్డు దగ్గర దిగిందా మీ ఇస్త్రీపెట్టె?"

పెళ్ళాం మొగుడి వంక చూసింది. మొగుడు గోడ వంక చూశాడు. "నువ్వు కంగారుపడతావనీ..."

"అది సర్పి," అంది డాక్టరమ్మ. "నరం వెంట పొక్కులు లేచే జబ్బు. పొక్కులు మానినా నరం దెబ్బతింది. అందుకే మంట. ఆ నరం నడిపే కండ నీరసించి పొట్ట జారింది. కోత అక్కర్లేదు. మంటకి మందులు వాడండి, బెల్టు కట్టండి. చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది."

విప్పని సంచితో ఇల్లు చేరారు. గుమ్మంలో టైలరు చెయ్యి చాచాడు. "గొడుగిటివ్వరా."

"అప్పగించాక అడక్కూడదు బావా. నీ పొట్ట రెండువైపులా సమానమైన రోజు నేనే తెచ్చిస్తా," అని బామ్మర్ది లారీ ఎక్కాడు.

అక్క పడీపడీ నవ్వింది. తమ్ముడి చేతిలో సంచి లేదు కదా, భయపడాలని తోచలేదు.

చలికాలానికి పొట్ట సమానమైంది. తమ్ముడు తిరిగి రాలేదు. గొడుగు పట్టుకెళ్ళిన వారంలోనే, కొండ మలుపులో లారీ దొర్లి చనిపోయాడు.