పుష్పలత గుండె కొలత

నేను ఒక ఎకో యంత్రపు ప్రోబ్‌ని. సబ్బుముక్కంత ఉంటాను. చల్లటి జెల్ పూసి ఎద మీద ఆనిస్తే లోపలి గుండెను తెర మీద చూపిస్తాను. ఇప్పుడు వైరు చిట్లి స్టోరు బీరువాలో పడుకున్నాను, కలలు కనడమే పని. కలలోనూ గుండెలే. నల్లటి నీళ్లలో చేపరెక్కల్లా కవాటాలు మెల్లగా ఆడుతుంటాయి.

మొదట చెన్నైలో పెద్ద ఆస్పత్రిలో ఉన్నాను. తిన్నది ఎక్కువై వచ్చినవాళ్లే అక్కడ ఎక్కువ. పాతబడ్డాక మదనపల్లె దగ్గర చిన్న ఆస్పత్రికి అమ్మేశారు. అక్కడ డాక్టర్ రజియా మేడం చేతికొచ్చాను.

ఒక ఉదయం మునిరత్నం అనే రైతు పదహారేళ్ల కూతురు పుష్పలతను తీసుకొచ్చాడు. నాలుగు మెట్లెక్కితే పిల్లకు ఆయాసం. వెనకే ఎక్స్‌రే కవరు పట్టుకుని భార్య సిద్దమ్మ.

"గుండె చిన్నదిగా ఉండాదంట మేడం. ఆపరేషన్ పడతాదని ఊళ్లో చెప్పినారు. పాలిచ్చే ఆవును అమ్మేదానికి మాట్లాడేసినా," అన్నాడు మునిరత్నం.

పక్కటెముకల మీద గతుకుల బాటలో బండిలా కదిలాను. నిజమే, చిన్న గుండె. గోడలు పలచన. కానీ చిల్లు లేదు, కవాటాలు బాగున్నాయి.

"పొద్దున ఏం తాగినావు పాపా?"

"డికాషన్. పాలన్నీ డెయిరీకి పోతాయి."

మేడం నన్ను పక్కన పెట్టింది. "గుండె కూడా కండే మునిరత్నం. ఒళ్లు ఎండితే అదీ ఎండుతుంది. దీనికి ఆపరేషన్ వద్దు, తిండి కావాల. నువ్వు అమ్మబోయే ఆవే మందు. పాలు, పప్పు, గుడ్డు. ఒకేసారి కుక్కొద్దు, కొంచెం కొంచెంగా పెంచండి."

ఆయన అనుమానంగా చూశాడు. ఖర్చులేని వైద్యాన్ని మనుషులు అంత సులువుగా నమ్మరు. అయినా ఆవును అమ్మలేదు.

ఆరు నెలలకు పుష్పలత ఆయాసం లేకుండా మెట్లెక్కి వచ్చింది. గుండె గోడ కాస్త మందమైంది. మేడం రెండుసార్లు కొలిచింది.

"డెయిరీకి అరలీటరు తగ్గించినా మేడం," అన్నాడు మునిరత్నం గర్వంగా.

"మరి పప్పూ గుడ్డూ ఎవరి కంచంలోవి?" మేడం చూపు తలుపు దగ్గరున్న సిద్దమ్మ మీద ఆగింది.

"నాకెందుకు మేడం, నేనేమన్నా ఎదిగే పిల్లనా?"

"ఇట్లొచ్చి పడుకో."

నన్ను ఆమె ఎద మీద ఆనించారు. ఆరు నెలల కిందటి కూతురి గుండె అంత కూడా లేదు. తెర నిండా చీకటి, మధ్యలో ఆ కొంచెమే మానకుండా కొట్టుకుంటోంది. మేడం తెరను మునిరత్నం వైపు తిప్పింది. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి డెయిరీలో పాలు పట్టే రెడ్డెప్పకు చేశాడు.

"రెడ్డెప్పా, రేపట్నించి పొద్దుటి పాలు మేం పొయ్యం. ఆవు బాగానే ఉండాదిలే. ఇంట్లో తాగేవాళ్లుండారు."