రైలు బదులు బస్సు

ఆదివారం పొద్దున గ్లెనిస్ వాటిల్‌బ్రూక్ స్టేషన్‌కి వచ్చేసరికి గేటు మూసేసి ఉంది. పట్టాల పనట. రైళ్ళు లేవు, బదులు బస్సులు. ఆమె చేతిలో చెల్లెలి పుట్టినరోజుకి చేసిన పావ్లోవా కేకు డబ్బా. మొగుడు కెల్విన్ కూడా రావాల్సిందే గానీ, నడుం పట్టేసిందని మంచం మీదే మూలిగాడు. పాపమనిపించి, నడుం కింద వేడినీళ్ళ సంచి పెట్టి మరీ వచ్చింది.

ఎక్కిన బస్సు డ్రైవరు తెవిటా ఆ పేటకి కొత్త. రెండు వీధులు తిరిగేసరికి దారి తప్పాడు. "తర్వాతి స్టేషన్ ఎటండీ?" అని అడిగాడో లేదో, ఏళ్ళ తరబడి ఒకే రైలుపెట్టెలో పెదవి విప్పకుండా ప్రయాణం చేసిన జనమంతా ఒక్కసారిగా నోళ్ళు తెరిచారు.

"ఎడమకి తిప్పు!"

"తిప్పితే తిన్నగా వాగులోకే!"

గ్లెనిస్ లేచింది. "ఊరుకోండి అందరూ. బాబూ, కుడికి పోనీ. మా వీధి అడ్డదారి."

బస్సు ఆ వీధిలోకి తిరిగింది. వాళ్ళింటి ముందు ఎవరో చేపలు పట్టే చిన్న పడవని నెత్తి మీదకెత్తుకుని, ఈల వేస్తూ కారు మీదకి ఎక్కిస్తున్నారు. పడవ కింద కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళెవరివో గ్లెనిస్‌కి ఒకరు చెప్పక్కర్లేదు.

"కాస్త ఆపు బాబూ."

రోజూ రైల్లో ఎదురు సీట్లో కూర్చునే ఎర్రకోటు ఆవిడ తొంగి చూసింది. "ఎవరండీ? భలే బలం!"

"మా ఆయన. నడుం నొప్పితో మంచం మీద ఉన్నాడు."

బస్సంతా గొల్లున నవ్వింది. తెవిటా హారన్ కొట్టి తలుపు తీశాడు. పడవ దించిన కెల్విన్‌కి ఎదురుగా పెళ్ళాం, కిటికీల నిండా మొహాలు.

"ఇప్పుడే... కాస్త సర్దుకుంది గ్లెన్."

"వేడినీళ్ళ మహిమ. ఎక్కు."

"ఈ నిక్కరుతోనా?"

"చేపల ముందు లేని సిగ్గు మా చెల్లి ముందెందుకు? ఎక్కు!"

ఎక్కాడు. ఒళ్ళో పావ్లోవా డబ్బా పడింది. ఒక ముసలాయన కోటు మడిచి అతని వీపు వెనక దోపాడు. గతుకు వచ్చినప్పుడల్లా తెవిటా, "సార్, నడుం జాగ్రత్త!" అని కేకేశాడు. కెల్విన్ చెవులు ఎర్రబడటం చూసి, కోపంగా ఉందామనుకున్న గ్లెనిస్‌కి నవ్వాగలేదు.

దిగాక ఎర్రకోటు ఆవిడ గ్లెనిస్‌తో పాటు నాలుగడుగులు నడిచింది. "ఇన్నాళ్ళూ తలూపడమే గానీ మీ పేరే అడగలేదు. నేను నరెల్‌ని."

"గ్లెనిస్‌నండీ."

ఎండలో డబ్బా పట్టుకుని నిలబడ్డ కెల్విన్‌ని అలాగే ఉండనిచ్చి, ఇద్దరూ కబుర్లలో పడ్డారు.