చీమలు మరిచిపోయే దారి

సింకు గట్టు మీద చీమల బారు కనబడితే చాలు, అత్తగారు తడిగుడ్డతో వచ్చేసేది. "ఇంకా చూస్తూ నిలబడ్డావా అమ్మాయ్? గిన్నెలు వాటంతటవే తోముకుంటాయా?"

"ఒక్క నిమిషం అత్తయ్యా, దారెలా మారుస్తాయో చూసి..."

ఆ ఒక్క నిమిషం పదకొండేళ్లలో ఏనాడూ ఆ కోడలికి టోకున దొరకలేదు. చిల్లరగా పోగేసుకుంది. పాలు పొంగేలోపు కాస్త, బట్టలు నానేలోపు కాస్త. పెళ్లికి ముందు కంప్యూటర్ చదువు చదివిన మనిషి. ఆ చదువునూ ఈ చిల్లర చూపులనూ కలిపి, ఇంటి ముందుభాగంలోనే ఉన్న భర్త మోటారు విడిభాగాల గోడౌన్‌కి ఒక సిస్టం కట్టింది.

కిటుకు చిన్నదే. చీమ నడిచిన చోట వాసన వదులుతుంది, ఆ వాసన పట్టుకుని మరో చీమ వస్తుంది. నడక ఆగిపోతే వాసన ఆరిపోతుంది. గోడౌన్‌లోనూ అంతే. పనివాళ్లు ఏ అర దగ్గరికి ఎక్కువ తిరిగితే కంప్యూటర్ ఆ సరుకును ముందు వరసకు జరపమంటుంది. తిరగని దారి రోజుకింత పలచబడి మాసిపోతుంది. పైనుంచి ఎవరూ అరవనక్కర్లేదు.

భర్త వచ్చినవాళ్లందరికీ "మా సిస్టం" అని చూపించేవాడు. "మా ఆవిడ కూర్చుని టైపు చేసిందిలెండి. తనకి చీమలంటే ప్రాణం. అందుకే పంచదార డబ్బాకి మూత పెట్టదు!" అందరూ నవ్వేవారు. టీ ట్రే పట్టుకుని ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు తనకు లాభమో నష్టమో తేల్చుకునేలోపు కప్పులు ఖాళీ అయ్యేవి.

ఆమెకు కావలసింది ఒకే ఒక్క ప్రశ్న. ఇది నీకెలా తట్టింది? అని ఎవరైనా అడగాలి. జవాబు ఎప్పుడో సిద్ధం చేసుకుంది. కూరగాయలు తరుగుతూ మనసులో చెప్పుకునేది, మాట మార్చి మళ్లీ చెప్పుకునేది. సరుకు సిద్ధంగా ఉంది, గిరాకీయే రాలేదు.

ఒకరోజు భర్త కంప్యూటర్‌లో ఆ మరుపు సంగతి కనిపెట్టాడు. "మరిచిపోవడమేంటోయ్, దీని మొహం! వ్యాపారంలో ఏదీ మరిచిపోకూడదు. తీసెయ్."

"అది తీస్తే కొత్త దారి దొరకదండీ."

"చీమల సంగతి నీకు తెలుసు, సరుకు సంగతి నాకు తెలుసు."

తీసేసింది. మూడు వారాలకు ఎండలు పోయి వానలొచ్చాయి. జనం వైపర్ల కోసం ఎగబడ్డారు. కంప్యూటర్ మాత్రం ఎండాకాలంలో అమ్ముడుపోయిన రేడియేటర్ గొట్టాలనే ముందు వరసలో పెట్టుకు కూర్చుంది. వైపర్లు చిట్టచివర ఉండిపోయాయి. గిరాకీలు విసుక్కుని పక్క షాపుకి పోతున్నారు. సరిగ్గా ఆ రోజే ఓ పెద్ద మందుల గిడ్డంగి నుంచి ఇంజనీరమ్మ సిస్టం చూడటానికి వచ్చింది.

"ఏదో చెడిపోయిందండీ" అని భర్త నసిగాడు.

ఇంజనీరమ్మ తెరమీద వేలు ఆనించి చూసింది. "చెడిపోలేదు. ఎవరో మరుపు తీసేశారు. ఇది కట్టిందెవరు?"

"మా ఆవిడే... టీ తెస్తోంది."

ఇంజనీరమ్మ ఆమెవైపు తిరిగింది. "మరిచిపోవడం కూడా కావాలని మీకెలా తట్టిందండీ?"

ఆమె ట్రే కింద పెట్టింది. నోరు తెరిచింది.

"అమ్మాయ్! పాలు!" లోపల్నుంచి అత్తగారి కేక.

కాళ్లు ఆమెను అడగకుండానే లోపలికి నడిచాయి. స్టవ్ కట్టేసి వచ్చేసరికి ఇంజనీరమ్మ లేదు. ట్రే పక్కన కార్డు, దాని వెనక రాత ఉన్నాయి. ఆరు నెలల పని, మా ఊరొచ్చి కట్టాలి, సోమవారంలోగా చెప్పండి.

"వెళ్తానంటే నేనేం వద్దననులే" అన్నాడు భర్త. "కానీ నువ్వు లేకపోతే ఇక్కడ పూచికపుల్ల కదలదు. ఆ మరుపేదో మళ్లీ పెట్టేసెయ్ ముందు."

పెట్టేసింది. రెండో రోజుకే వైపర్లు ముందుకొచ్చాయి. కానీ పూచికపుల్ల కదలదన్న అతని మాట మాత్రం ఆమె మనసులోంచి కదల్లేదు. ఇన్నాళ్లూ దాన్ని మెప్పనుకుంది. ఇప్పుడు బేరీజు వేసుకుంటే వేరేగా తేలింది. ఈ ఇంట్లో మరుపు లేదు. తువ్వాలు, తాళాలు, మందుబిళ్లలు అన్నిటికీ దారి ఆమె మీదుగానే. కళ్లెదుట ఉన్న వస్తువైనా ఆమెను పిలిస్తేగాని కనబడదు. పిలిచిన ప్రతిసారీ వెళ్లి ఆ దారిని గట్టిపరిచింది తనే. పాలు పొంగినా స్టవ్వే కదా తడిసేది! ఆ ప్రశ్న మళ్లీ వస్తుందా?

సోమవారం ఉదయం ఆమె కార్డు పట్టుకుని వంటింట్లో కుర్చీ వేసుకు కూర్చుంది.

"అమ్మాయ్, నా కళ్లజోడేదీ?"

ఆమె నంబరు నొక్కింది.

"ఏమోయ్, తువ్వాలు!"

ఆమె లేవలేదు. అవతల ఫోన్ ఎత్తారు. "నేనండీ, చీమల సిస్టం... ఎలా తట్టిందని అడిగారు కదా. చెప్తాను. కాస్త టైం పడుతుంది, ఫర్వాలేదా?"

లోపలి గదిలోంచి మూడో పిలుపు వచ్చింది. మొదటి రెండింటి కంటే కాస్త పలచగా. తర్వాత బీరువా తలుపు తెరుచుకున్న చప్పుడు.